వస్తువుల యాయుర్దాయము

కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖవారు నియమించిన కమిటీ యొకటి 2025వ సంవత్సరము మే నెలలో తన నివేదికను సమర్పించినది. సెల్‌ఫోనులును టాబ్లెట్లును చెడిపోయినపుడు వానిని బాగుచేసికొనుట యెంత సులభమో తెలుపు సూచిక నొకదానిని ప్రతి వస్తువునకును నిర్ణయింపవలయునని యా నివేదికయందలి ముఖ్యమైన సిఫారసు. వస్తువు నూడదీయుట కెన్ని మెట్లు పట్టును, అందుకు వలయు పనిముట్లు సామాన్యముగా దొరకునవేనా, మరలు బిగించిరా లేక జిగురుతో నంటించిరా, విడిభాగములు తగిన కాలములో చేతికి వచ్చునా, మరమ్మతు వివరములు నలుగురికిని తెలియజేయుదురా, సాఫ్టువేరు నెంతకాలము సరిచేసి పంపుచుందురు అను ప్రశ్నలకు వచ్చు సమాధానములనుబట్టి యీ సూచిక యేర్పడును. ఆ యంకెను అంగడిలోను, ఇంటర్నెట్టు వర్తకమునందును, పెట్టెమీదను కొనువారి కంటబడునట్లు ప్రకటింపవలయునట.

ఇంతవరకు సంతోషింపదగినదే. కాని యీ యంకెను వేయువారెవరు? వస్తువును చేసిన కంపెనీవారే. వారిపై నదనపు భార మేమియు పడకుండునట్లు, వారు స్వయముగా ప్రకటించుకొన్న చాలునని కమిటీవారి యుద్దేశము. పరీక్ష వ్రాసిన విద్యార్థియే తన కాగితమును తాను దిద్దుకొనినచో నతడు తప్పుట యెట్లు? ఫ్రాన్సుదేశమునందును 2021 జనవరి మొదలు ఇట్టి సూచిక యమలులోనికి వచ్చినది. అచ్చటను లెక్కకట్టువారు కంపెనీవారే. అయితే అచ్చట సూచికను ప్రకటించుట చట్టనిర్బంధము. ప్రకటింపనివారికి జరిమానా గలదు. మన నివేదికలో సూచిక యున్నది గాని జరిమానా కానరాదు. ఈ లోపమును గూర్చియే కాక, దీని వెనుకనున్న పెద్ద ప్రశ్నను గూర్చియు మా పాఠకులతో కొంత ముచ్చటింపదలచినాము.

మన దేశమున పర్యావరణ రక్షణ మన్నంతనే చెత్తబుట్టలు, చీపుళ్లు, ఊరేగింపులు, మొక్కలు నాటు ఛాయాచిత్రములు జ్ఞప్తికి వచ్చుచుండును. ఇవి యన్నియు మంచివే. కాని యొక వస్తువు ప్రకృతికి హాని చేయునదా కాదా యను విషయము చెత్తబుట్టయొద్ద నిర్ణయమగుట లేదు. దానిని కల్పించువాడు కాగితముమీద మొదటి గీత గీయునాడే యది చాలవరకు నిర్ణయమైపోవుచున్నది. ఏ లోహము వాడవలెను, ఏ ప్లాస్టిక్కు వాడవలెను, ఎన్ని పదార్థముల నొకదానితో నొకటి విడదీయరాకుండ నతుకవలెను, ఎంత విద్యుత్తు త్రాగును, ఎన్నియేండ్లు బ్రతుకును అను సంగతులన్నియు నచ్చటనే తేలిపోవును. అటుపిమ్మట మునిసిపాలిటీవారు చేయగలిగినది బహు స్వల్పము. విత్తు వేయునాడు చేయవలసిన విచారమును కోతనాడు చేసిన ఫలమేమి?

ఈ సంగతి మనవారికి క్రొత్తది కాదు. 1929వ సంవత్సరమున అఖిలభారత చరఖాసంఘమువారు మెరుగైన రాట్నము నొకదానిని కల్పించినవారికి లక్షరూపాయల బహుమానమును ప్రకటించిరి. ఆనాటి లక్షరూపాయ లనగా సామాన్యమైన సొమ్ము కాదు. ఆ ప్రకటనయందలి షరతులను నేడు చదివినవారి కాశ్చర్యము కలుగకమానదు. రాట్నము తేలికగా నుండవలెను. పల్లెటూరి గుడిసెలో చేతితోనో కాలితోనో నడుపుటకు వీలుగా నుండవలెను. స్త్రీ యొకతె యెనిమిది గంటలసేపు మిక్కిలి శ్రమ లేకుండ దానిమీద పనిచేయగలుగవలెను. వెల 150 రూపాయలకు మించరాదు. అప్పుడప్పుడు తగిన మరమ్మతు జరుగుచున్నచో 20 ఏండ్లపాటు ఆగక నడువవలెను. ఆ మరమ్మతుల కగు ఖర్చు ఏడాదికి యంత్రపు వెలలో నూటికి 5 వంతులు దాటరాదు.

వస్తువు పుట్టకమునుపే దాని యాయువును, దాని వైద్యపు ఖర్చును గూడ నిర్ణయించిన షరతులివి. నేడు పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో 'పర్యావరణ హితమైన రూపకల్పన' యను పేర బోధింపబడుచున్న శాస్త్రమునకు ముఖ్యసూత్రములేవి? తక్కువ పదార్థముతో చేయుట, వాడునప్పుడు తక్కువ శక్తిని తినునట్లు చేయుట, చిరకాలము నిలుచునట్లు చేయుట, చెడినచో బాగుచేయ వీలగునట్లు చేయుట, తుదకు విడదీసి దేని నెచ్చటికి పంపవలెనో యచ్చటికి పంపునట్లు చేయుట. ఈ యైదింటిలో మూడు నాలుగు ఆ రాట్నపు ప్రకటనయందే యున్నవి. అవి గుడిసెలో నివసించు వడుకుకత్తె కష్టమును తలచుకొని వ్రాసిన షరతులు గాని, శాస్త్రగ్రంథములు చూచి వ్రాసినవి కావు. బహుమానము మాత్ర మెవ్వరికిని దక్కలేదు. షరతులు కఠినమైనవే. అయినను మడిచి చంకబెట్టుకొని పోదగిన యెరవాడ చరఖావంటివి ఆ దినములలోని తర్జనభర్జనల ఫలములే యని మా యభిప్రాయము.

1934లో స్థాపింపబడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమునకు ప్రాణమువంటివాడైన జె. సి. కుమారప్పగారు, తంజావూరున జన్మించి యమెరికాలో అర్థశాస్త్రమును చదివి వచ్చినవారు, 1945లో ప్రకటించిన 'ఎకానమీ ఆఫ్ పెర్మనెన్స్' అను గ్రంథమున నీ విషయమునే మరియొక మార్గమున వివరించిరి. భూగర్భమునందలి నిలువనుండి తీసికొన్నకొలది తరిగిపోవునవి కొన్ని. ఏటేట నేలనుండియు చెట్టునుండియు పుట్టుచుండునవి కొన్ని. మొదటి వానిమీద నాధారపడిన జీవనము కలహములకు దారితీయునని వారి వాదము. మన పొందూరు ఖద్దరుకై ప్రత్తిని శుభ్రముచేయుటకు వాలుగచేప దవడయెముకను వాడుదురు. ప్రపంచములోని యే మరకును అది తీసిపోదు; పని తీరినపిదప మన్నులో కలిసిపోవును. ఇట్టి పనిముట్లతోనే నేటి సంసారము నడుపుడని మేము చెప్పబోవుటలేదు. దానిని కనిపెట్టినవాడు తన చేతిదగ్గర నేమున్నదో చూచి పనిముట్టును కల్పించుకొనెనన్న మాటయే ముఖ్యము.

దీనికి సరిగా వ్యతిరేకమైన కథయు నా కాలముననే జరిగినది. 1924 డిసెంబరులో జెనీవానగరమున జర్మనీ, హాలండు, ఫ్రాన్సు మొదలగు దేశములలోని పెద్ద బల్బుల కంపెనీలు కూడి 'ఫీబస్' అను పేర నొక కూటమి నేర్పరచుకొన్నవి. అంతకుముందు 1500 గంటలు మొదలు 2000 గంటలవరకు వెలుగుచుండిన బల్బును 1000 గంటలకే ఆరిపోవునట్లు చేయవలెనని యవి నిశ్చయించినవి. సభ్యకంపెనీలు తమ బల్బులను పరీక్షకు పంపవలెను. నిర్ణయించిన కాలమునకు మించి వెలిగిన బల్బును చేసిన కంపెనీ జరిమానా చెల్లింపవలెను! తక్కువకాలము వెలుగు బల్బు అంతే విద్యుత్తుతో నెక్కువ కాంతి నిచ్చునని వారు చెప్పిన సమాధానమున కొంత నిజము లేకపోలేదు. కాని ఎక్కువకాలము వెలిగినందుకు జరిమానా యెందులకు? రెండవ ప్రపంచయుద్ధము వచ్చిపడిన తరువాత నా కూటమి చెదరిపోయినది.

నేడట్టి కూటమితో పనిలేదు. సెల్‌ఫోను వెనుకపలకను జిగురుతో నంటించినచో చాలును. బ్యాటరీ యనునది రెండు మూడేండ్లలో బలముతగ్గుట రసాయనశాస్త్రపు ధర్మము. అది యెవరి కుట్రయును గాదు. అయితే వెనుకటి ఫోనులలో గోటితో మూతతీసి బ్యాటరీని మార్చుకొనుచుండిన మనము నేడు దానికై ఫోనునే మార్చుకొనుచున్నాము. కొన్ని ఫోనులలో క్రొత్త తెర వేసినను, క్రొత్త బ్యాటరీ వేసినను, ఇది యసలు భాగము కాదని సాఫ్టువేరు మొరాయించునట్లు కట్టడి చేసియున్నారు. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టునకు పోయి చూచినవారికి మన యువకుల చేతినేర్పు తెలియును. అచ్చులో లేని పటములను నోటితో నొకరి కొకరు చెప్పుకొనుచు, కంటికి కానరాని యతుకులను భూతద్దముక్రింద వేయుచున్నారు. వారికి లేనిది విద్య కాదు; పటములు లేవు, అసలైన విడిభాగములు లేవు, చట్టపు టండ లేదు.

అట్లని ప్రతి వస్తువును కలకాలము నిలిచియుండవలెనని మేము మూర్ఖముగా వాదించుట లేదు. ఇచ్చట నొక భేదమును గుర్తింపవలసియున్నది. సెల్‌ఫోను ప్రకృతికి చేయు హానిలో నధికభాగము అది మన చేతికి రాకమునుపే జరిగిపోవుచున్నది: గనులు త్రవ్వుటలో, లోహములను శుద్ధిచేయుటలో, సూక్ష్మమైన చిప్పులను తయారుచేయుటలో. అట్టి వస్తువును ఎన్ని యేండ్లెక్కువ వాడిన నంత మేలు. సీలింగుఫ్యాను సంగతి దీనికి తలక్రిందు. దానిని చేయుటలో జరుగు హాని కొంచెము. అది తిరుగుటకు తీసికొను విద్యుత్తు అపారము.

లెక్క చూతము. సాధారణమైన పాతఫ్యాను 75 వాట్లు తీసికొనును. నేడు దొరకుచున్న బి. ఎల్. డి. సి. మోటారుగల ఫ్యాను 30 వాట్లతో నంతే గాలి నిచ్చును. మన ఎండలలో దినమునకు 12 గంటలచొప్పున నేటికి 300 దినములు తిరుగుననుకొన్నచో 3600 గంటలు. తేడా 45 వాట్లు. కనుక ఫ్యానొకటికి ఏడాదికి 162 యూనిట్లు మిగులును. నాలుగు ఫ్యానులున్న యింట నది 648 యూనిట్లు. కావున 30 ఏండ్లనాటి ఫ్యానుకు మాటిమాటికి కాయిలు చుట్టించి, మా తాతగారి కాలపుదని మురిసిపోవుట పొదుపు కాదు. తాతగారి కంచుచెంబు వేరు. అది యూరకుండిన నేమియు తినదు.

కాని యీ క్రొత్త ఫ్యానులో నొక చిక్కున్నది. పాతఫ్యాను కాలిపోయినచో ప్రతి మండలకేంద్రమునను మేస్త్రి యొకడు రాగితీగె చుట్టి నాలుగు గంటలలో నిచ్చును. క్రొత్తదానిలో నొక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు గలదు. వోల్టేజి యొక్కసారి పెరిగి యది కాలినచో మేస్త్రి చేతులెత్తివేయును; ఆ బోర్డు ఒక్కొక్క కంపెనీకి నొక్కొక్క తీరు, ఒక కంపెనీలోనే యేటి కొక తీరు. మోటారు, రెక్కలు, కడ్డీ, యన్నియు నిక్షేపముగా నుండగా, అరచేతి వెడల్పు లేని బోర్డు దొరకక ఫ్యానంతయు పాతసామానుల బండి కెక్కును. 2023 జనవరి మొదలు సీలింగుఫ్యానులకు నక్షత్రముల గుర్తు తప్పనిసరియైనది. ఆ నక్షత్రములు విద్యుత్తును గూర్చి చెప్పుచున్నవి. ఆయువును గూర్చి నోరు విప్పవు. ఆ బోర్డును బల్బు హోల్డరువలె నొకే కొలతకు తెచ్చి, యే కంపెనీదైన నే ఫ్యానుకైనను సరిపోవునట్లు ప్రమాణము నిర్ణయింపుడని ప్రభుత్వము శాసించినచో, విద్యుత్తును మిగులును, మేస్త్రియు బ్రతుకును. ప్రమాణములు నిర్ణయించుట ప్రభుత్వపు పని గాక మరియెవరి పని?

మా పాఠకులలో పెక్కురు భూస్వాములు. వారికి ఫ్యానుకన్న పంపుసెట్టు ముఖ్యము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు ప్రారంభమైనది. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా యనిరి. ఉచితము మంచిదా చెడ్డదా యను వివాదములోనికి మేమిప్పుడు దిగము. మోటారు రూపకల్పనమీద దాని ప్రభావ మెట్టిదో మాత్రము చూతము. బిల్లు కట్టనివానికి మోటా రెన్ని యూనిట్లు తినునో యను చింత యెందులకుండును? అతని చింతలు వేరు: వోల్టేజి పడిపోయినను కాలకుండ నిలుచునా, కాలినచో దగ్గర పట్టణములో వైండింగు చేయుదురా, రెండు దినములలో తిరిగి బోరులోనికి దిగునా? పైరెండుచుండగా విద్యుత్తు పొదుపును గూర్చి ఉపన్యాస మెవరు విందురు? కనుక లావుతీగెతో, మోటుగా, శక్తిని వృథాచేయుచు నడచు మోటార్లకే గిరాకి. ప్రతిసారియు తొందరలో చుట్టిన వైండింగుతో నది మరికొంత యెక్కువ త్రాగుట నేర్చుకొనును. కెపాసిటర్లు, ఘర్షణ తక్కువగల ఫుట్‌వాల్వులు, ఐ. ఎస్. ఐ. గుర్తుగల పంపుసెట్లు పెట్టుకొనవలెనను షరతులు ఉచితవిద్యుత్తు ఉత్తరువులలో నుండెను. అవి యెంతవరకు పొలములకు చేరినవో మా పాఠకులకే బాగుగా తెలియును.

రైతును నిందించుట మా యుద్దేశము కాదు. అతడు తన పరిస్థితులకు తగిన వస్తువునే కొనుచున్నాడు. పరిస్థితులు మారనిదే వస్తువు మారదు. వోల్టేజి నిలుకడగా నుండునట్లు చేయుట విద్యుత్సంస్థల చేతిలోనున్నది. అది చేయక రైతుచేత నక్షత్రముల మోటారు కొనిపింపజూచుట గోతులబాటపై సుతారమైన బండిని తోలుమనుటవంటిది.

చట్టములో నొక్క మాటతో వస్తువుల రూపకల్పన యెట్లు తారుమారగునో చెప్పుటకు చిన్న యుదాహరణ. చిరుతిండ్లు, షాంపూలు మొదలగునవి వచ్చు పొట్లములలో ప్లాస్టిక్కు పొరలును అల్యూమినియము పొరయు విడదీయరాకుండ నంటియుండును. దానిని కరగించి మరల వాడుటకు వీలులేదు. పాతసామానులవాడు దానిని తాకడు. 2016 నాటి ప్లాస్టిక్కు చెత్త నిబంధనలలో నిట్టి పునరుపయోగము కాని పొరలపొట్లములను రెండేండ్లలో మాన్పవలయునని యుండెను. గడువు ముగియబోవుచుండగా 2018 మార్చిలో సవరణ వచ్చినది: పునరుపయోగము కానిదియు, తగులబెట్టి శక్తిని తీయ వీలుకానిదియు, మరి యే యితర వాడుకకును పనికిరానిదియునైనచో మాత్రమే మాన్పవలెనట. ప్లాస్టిక్కును సిమెంటు కొలిమిలో వేసిన మండక మానునా? ఆ సవరణతో నిషేధము కాగితమున మిగిలినది. ఒకే పదార్థముతో పొట్లమును చేయుడని కంపెనీలను నిర్బంధించు కారణము పోయినది.

ఎలక్ట్రానిక్ చెత్త సంగతియు నించుమించు నింతియే. 2022లో ప్రకటింపబడి 2023 ఏప్రిల్ 1 మొదలు అమలులోనికి వచ్చిన నిబంధనలప్రకారము కంపెనీలు తామమ్మిన సరకులో, దాని వాడుకకాలము తీరినపిదప, నూటికి 60 వంతులతో నారంభించి 2027-28 నాటికి 80 వంతులవరకు తిరిగి లోహముగా మార్పించినట్లు ధ్రువపత్రములు చూపవలెను. పాతవస్తువును బాగుచేయించి మరల వాడుకకు తెచ్చినచో గడువు నొసగు నిబంధనయు గలదు, అది మెచ్చదగినది. కాని లెక్క యంతయు తూకముమీద. మరలు బిగించిన ఫోనును, జిగురుతో పూడ్చిన ఫోనును ఒకే త్రాసులో తూగును; ఒకే రుసుము పడును. సులభముగా విప్పదగిన వస్తువును చేసినవానికి తక్కువ రుసుమును, విప్పరానిదానిని చేసినవానికి ఎక్కువ రుసుమును విధించినచో కంపెనీల యాలోచన గీతగీయు బల్లయొద్దనే మారును. ఆ భేదము మన నిబంధనలలో లేదు.

ఇక మనకు మిక్కిలి మనస్తాపము కలిగించు విషయము. 2025 జూన్ 20 మొదలు ఐరోపా సమాఖ్యలో నమ్మకమునకు వచ్చు ప్రతి క్రొత్త సెల్‌ఫోను మాదిరియు కొన్ని నిర్బంధములకు లోబడవలెను. ఆ మాదిరిని అమ్ముట మానిన తరువాత 7 ఏండ్లపాటు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను. 5 ఏండ్లపాటు సాఫ్టువేరును సరిచేసి పంపుచుండవలెను. బ్యాటరీ 800 పర్యాయములు పూర్తిగా నింపి వాడిన పిదపను నూటికి 80 వంతుల శక్తిని నిలుపుకొనవలెను. మరమ్మతు సౌలభ్యమును తెలుపు తరగతిని చీటీమీద ముద్రింపవలెను. 2024-25 సంవత్సరమున మన దేశమునుండి విదేశముల కెగుమతియైన సెల్‌ఫోనుల విలువ సుమారు రెండు లక్షల కోట్ల రూపాయలు. మన యాడబిడ్డలు వేల కొలది ఫ్యాక్టరీలలో రాత్రింబగళ్లు కూర్చుండి యతికిన ఫోను మధ్యధరాసముద్రము దాటినంతనే దానికి 7 ఏండ్ల విడిభాగముల భరోసా వచ్చుచున్నది. అదే ఫ్యాక్టరీలో, అదే బల్లమీద నతికిన మరియొక ఫోను మన యూరి యంగడికి వచ్చినచో దాని భవిష్యత్తు దైవాధీనము.

మేలిరకము సీమకు, కూరసరుకు మనకు అను నీతి మన పూర్వు లెరిగినదే. ఆనాడు దానిని విధించినవాడు పరాయివాడు. నేడు మన పార్లమెంటు మనది, మన ప్రమాణముల సంస్థ మనది, ఫ్యాక్టరీ మన నేలమీదనే యున్నది. ఐరోపావారు కోరినచో చేయుచున్న కంపెనీ మనము కోరినచో చేయదా? మన మింతవరకు గట్టిగా కోరలేదు. 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై కేంద్రమువారొక పోర్టలును తెరచిరి. కంపెనీలు తమ మరమ్మతు వివరములను అందు చేర్చవచ్చును. చేర్చకున్న నేమగునో దానిలో లేదు.

దీనికి కంపెనీల పక్షమున చెప్పు సమాధానములు మూడు. వ్యాపార రహస్యములు బయటపడునని మొదటిది. ఈ వాదమును కార్ల కంపెనీలు వెనుక నొకసారి వినిపించినవి. విడిభాగములను బయటి మేస్త్రీలకు అమ్మక తొక్కిపట్టిన 14 కార్ల కంపెనీలపై కాంపిటీషన్ కమీషనువారు 2014 ఆగస్టులో సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. కంపెనీలు కోర్టుల కెక్కినవి. అది వేరు కథ. కాని వస్తువు నమ్మినవాడు దాని మరమ్మతునుగూడ గుత్తకు తీసికొనరాదను సూత్రము మన దేశమున క్రొత్తది కాదని యా తీర్పువలన తేలినది.

నీరు చొరకుండుటకు జిగురు తప్పదని రెండవది. ఇది కొంత నిజము. అయినను రబ్బరుపట్టీయు మరలును వాడి నీరు చొరకుండ చేసిన గడియారములు, పంపులు, కెమెరాలు లోకమున లేకపోలేదు. ఫోను దళసరి కొలదిగా పెరుగును, పెరిగిన నేమి? ఐరోపావారి బ్యాటరీ చట్టముప్రకారము 2027 ఫిబ్రవరి మొదలు చేతిలో పట్టుకొని తిరుగు వస్తువులలోని బ్యాటరీలను కొన్నవాడు తానే తీయగలుగునట్లు చేయవలెను. ఆ చట్టమునందును నీటిలో వాడు వస్తువులు మొదలగువానికి మినహాయింపులు గలవు. మినహాయింపునకు కారణము చూపవలసిన భారము మాత్రము కంపెనీదే.

మూడవది పేదవాని పేరిట చేయు వాదము. మన్నికగల వస్తువు ప్రియమగును, బీదవాడు కొనలేడు అని. ఈ బీదవానిమీది ప్రేమ ధరలు పెంచునప్పు డెచ్చటికి పోవునో మాకు తెలియదు. అయినను లెక్క చూతము. 10,000 రూపాయల ఫోను రెండేండ్లకు మూలబడిన దనుకొందము, ఏడాదికి 5,000. బ్యాటరీ మార్చుటకు వీలైన ఫోను 14,000 అనుకొని, నడుమ నొకసారి 1,500 పెట్టి బ్యాటరీ మార్చి, 6 ఏండ్లు వాడినచో ఏడాదికి 2,600 లోపు. మొదట నధికముగా చెల్లింపవలసిన 4,000 బీదవానికి కష్టమే, ఒప్పుకొందుము. అందుకు వాయిదాలు గలవు; రెండవచేతి వస్తువుల సంతయు గలదు. బాగుచేయ వీలైన వస్తువే రెండవచేతికి పనికివచ్చును. బీదవానికి ధనికుని పాతఫోను దక్కవలెనన్న నది చావకుండ నుండవలెను గదా.

చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ప్రభుత్వమునకు శాసించు చేయి గాక మరియొక చేయి గలదు, అది కొనుచేయి. 2015 జనవరి 5వ తేదీన ప్రారంభమైన ఎల్. ఇ. డి. బల్బుల పంపకమును జ్ఞప్తికి తెచ్చుకొందము. కేంద్రమువారి సంస్థ యొకేసారి కోట్లకొలది బల్బులకు టెండరు పిలిచినందున 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. 36 కోట్లకుపైగా బల్బులు పంచబడినవి. బల్బు మూడేండ్లలో చెడినచో నుచితముగా మార్చి యీయవలెననియు షరతు పెట్టిరి. కొనువాడు పెద్దవాడైనచో వస్తువు రూపు మారునని యిది రుజువు చేసినది. అయితే అందును మరమ్మతును గూర్చిన షరతు లేదు. ఆ బల్బులో వెలుగునిచ్చు గింజలు వేలగంటలు బ్రతికియుండగనే, దానిలోని చిన్న కెపాసిటరు వేడికి ఎండిపోయి బల్బంతయు పారవేయవలసివచ్చుచున్నది. మూత యంటించియుండుటచే విప్పుటకు వీలులేదు.

మన రాష్ట్రప్రభుత్వములును పెద్ద కొనుగోలుదారులే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు మించిన టాబ్లెట్లను పంచిరి; మరుసటి డిసెంబరులోను నాలుగు లక్షలకు పైగా పంచిరి. బిడ్డలచేతి వస్తువులు క్రింద పడకమానవు, తెరలు పగులకమానవు. అట్టి కొనుగోలునందు వెలతోపాటు వ్రాయవలసిన షరతులు కొన్ని గలవు. తెరయు, బ్యాటరీయు, ఛార్జింగు రంధ్రమును ఏడేండ్లపాటు ప్రకటించిన ధరకు దొరకవలెను. మరమ్మతు పటములు తెలుగులో ముద్రించి ప్రతి ఐ. టి. ఐ.కి పంపవలెను. మరలు సామాన్యమైన స్క్రూడ్రైవరుతో తిరుగునవై యుండవలెను. సాఫ్టువేరు తాళముతో భాగములను బంధింపరాదు. ఇవి వ్రాయుటకు పార్లమెంటుతో పనిలేదు. ఢిల్లీ యనుమతితోను పనిలేదు. కొనుగోళ్ల శాఖలోని గుమాస్తా టెండరు కాగితమున నొక పుట చేర్చిన చాలును.

మరి యా షరతులు నెరవేరినవో లేదో తేల్చుట యెట్లు? కంపెనీ యిచ్చు ధ్రువపత్రమును నమ్మనక్కరలేదు. పరీక్షకై వచ్చిన నమూనాను జిల్లాకేంద్రపు ఐ. టి. ఐ.లో రెండవయేడు చదువుచున్న విద్యార్థి చేతికిచ్చి, బజారులో దొరకు పనిముట్లతో బ్యాటరీని మార్చుమని చెప్పి, అధికారి గడియారము చూచుచు ప్రక్కను కూర్చుండవలెను. పావుగంటలో బ్యాటరీ మారి టాబ్లెటు మరల వెలిగినచో ధరల కవరును విప్పవలెను. లేనిచో ఆ కవరును విప్పకయే కంపెనీకి త్రిప్పి పంపవలెను.